టీకి సరిపడా

ఉదయగిరిలో దుర్గం నీడ
సాయంత్రం నాలుగున్నరకి మా రేకుల షెడ్డు దాకా వస్తుంది.
అప్పటికి నేను ఎన్ని చెడగొట్టానో
మహబూబ్బీ ఖాలా అడిగేది కాదు.
మూలనున్న గోతం వైపు ఒకసారి చూసేది,
అంతే.

ఇంటర్ లెక్కలు రెండోసారీ పోయిన జూన్‌లో
నేను ఈ గుమ్మం ఎక్కాను.
ఫెయిలన్న మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.
అన్నం పళ్ళెం నా ముందు పెట్టేటప్పుడు మాత్రం
కొంచెం మెల్లగా పెట్టేవాళ్ళు.
ఆ మెల్లదనమే నేను ఓర్చుకోలేకపోయాను.

ఇక్కడ చప్పుడుంది.
బాడిస దెబ్బ, రంపం గీర, ఆకురాయి గరగర.
నర్ది కొయ్య ఒకటి చేతిలో పెట్టి
"చెంచా ఇందులోనే ఉంది పెంచలమ్మే, యాడికీ పోదు,
తొందరపడి దాని మెడ కోయబాక" అంది ఖాలా.
కోశాను.
మొదటి రోజు ఏడు మెడలు.
రెండో రోజు గుంట తీస్తా తీస్తా అడుగు దాటిపోయి
చెంచాలోంచి ఖాలా ముఖం కనబడింది,
నవ్వుతా ఉంది.

చెడిన దానికి కూలి లేదు.
ఆ మాట ముందే చెప్పింది, తీపి పూయలేదు.
పారేస్తానంటే మాత్రం ఊరుకునేది కాదు.
గరిటె పోతే చెంచా చెయ్యి,
చెంచా పోతే ఉప్పు చెంచా,
అదీ పోతే చెవిపుల్ల,
చెవిపుల్లకీ పనికిరాకపోతే
పొయ్యి ఉందిగా, దానికి వంకర తెలవదు.

అట్టా ఆ శుక్రవారం
నా మెడలు, నా చిల్లులు,
వంకరపోయిన నా వారం మొత్తం
మూడు రాళ్ళ మధ్య చేరి
ముందు పొగై, తర్వాత మంటై
సత్తు గిన్నెలో టీ పొంగించాయి.
"తాగమ్మే, నువ్వు కాచిన టీ."
చక్కెర ఎక్కువైంది.
కళ్ళు మండింది పొగకే అనుకుంటా.

నాలుగో నెలలో ఒక రోజు
ఖాలా ముళ్ళ చెంచా చెక్కుతా ఉంది.
నలభై ఏళ్ళ చెయ్యి.
దువ్వెన పళ్ళంత సన్నగా నాలుగు ముళ్ళు.
మూడోది టిక్కుమంది.
షెడ్డులో ఎవరూ తలెత్తలేదు, తనూ ఎత్తలేదు.
నా వాటి మీదికే, అదే గోతంలోకి విసిరి
ఇంకో కొయ్య అందుకుంది,
ఈగను తోలినంత మామూలుగా.

ఆ టిక్కు
ఏ బడిలోనూ నాకు ఎవరూ వినిపించలేదు.
మా సార్లకి బోర్డు మీద లెక్క
ఎప్పుడూ ఒక్కసారికే తెగేది.

నేర్చేసుకున్నానని చెప్పను.
ఐదేళ్ళయింది,
బిక్కి కొయ్య ఇప్పటికీ కడుపులో ముడి దాచుకుని నవ్వుతుంది.
పోయినేడు నెల్లూరు ఆర్డరు, రెండొందల చెంచాలు,
కొయ్య ఆరకముందే చెక్కి ఇచ్చాను,
అరవై పగిలి తిరిగొచ్చాయి.
ఆ నెల గ్యాసు బండ తేలేదు.
టీకి మాత్రం కొదవ లేదు.
అంత నష్టమూ నాకు నేర్పింది ఒకటే,
తడి కొయ్య తడి కొయ్యే అని.

లెక్కలు మళ్ళీ రాశావా అంటారు.
రాశాను. ముప్పై ఒకటి.
ఇంకో నాలుగు కావాలి,
మే నెలలో చూద్దాం.

ఖాలాకి చూపు సన్నగిల్లింది.
ఇప్పుడామె ముళ్ళ చెంచాల జోలికి పోదు,
అట్లకాడలు నున్నగా తోముతా కూర్చుంటుంది.
నా పక్కన ఫర్జానా, వచ్చి పదకొండు రోజులు.
ఇందాక టిక్కుమంది.
అటూ ఇటూ చూసి
విరిగిందాన్ని చున్నీ కొసలో చుట్టుకుంది.
దొంగిలించినట్టు చేతులు వణుకుతున్నాయి.

దుర్గం నీడ గుమ్మం దాటింది.
నేను గిన్నెలో నీళ్ళు పోశాను.

"ఫర్జానా,
చున్నీలోది ఇటియ్యమ్మే.
టీకి ఒక్కటి తక్కువైంది."